ర్యాంకులు చూసింది చాలు, ఒక బుధవారం పోయి క్యాంపస్ చూడండి

కౌన్సెలింగ్ సీజన్ వచ్చిందంటే మా తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట, ఏ కాలేజ్ మంచిదబ్బా అని. మీ పిల్లోడు లేదా పాప అక్కడ మామూలు రోజుల్లో ఎట్లా బతుకుతారో చూడకుండా ఆ మాట తేలదు.

ముందు చదువు బరువు సంగతి. మా ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువులు, పరిశోధనల సంస్థ) రెండూ 2015లోనే మొదలయినాయి, రెండూ తిరుపతి దగ్గర ఏర్పేడు సైడే, అయినా లోపల చదువు చాలా తేడా. ఐఐటీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి పోతే బ్రాంచ్ సీటుతోనే వచ్చేస్తుంది. ఐసర్‌కి దాని సొంత ఎంట్రన్స్ ఐఏటీ రాసి బీఎస్-ఎంఎస్‌లో (డిగ్రీ, పీజీ కలిపిన కోర్సు) చేరితే 5 ఏళ్ళు, మొదట్లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ కూడా చదవాల్సిందే. బయాలజీ పడక ఎంపీసీ తీసుకున్నోళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి.

వెబ్‌సైట్లో ప్లేస్‌మెంట్ పేజీ పక్కన పెట్టి కరికులమ్ పీడీఎఫ్ తెరవండి. సబ్జెక్టు పక్కన ఎల్, టీ, పీ అని మూడు అంకెలు ఉంటాయి, అంటే వారానికి లెక్చర్, ట్యుటోరియల్, ల్యాబ్ గంటలు. క్రెడిట్ అంటే సబ్జెక్టుకిచ్చే బరువు లెక్క, మామూలుగా ల్యాబ్‌లో 2 గంటలు నిలబడితే 1 క్రెడిట్టే, అందుకని క్రెడిట్లు కాకుండా గంటలు కూడండి. తర్వాత ఇంటర్నల్ మార్కులు ఎన్ని, సెమిస్టర్ ఎగ్జామ్‌కి ఎన్ని అని చూడండి, ఇంటర్నల్స్ ఎక్కువుంటే వారం వారం క్విజ్జులు, అసైన్‌మెంట్లు నడుస్తా ఉంటాయి, చివరి పరీక్షకే ఎక్కువుంటే ఆఖరి నెలలో అంతా మీద పడుతుంది, ఏది తట్టుకోగలరో మీకే తెలుస్తుంది. ఒకే సబ్జెక్టు పాత పేపర్లు రెండు చోట్లవీ సంపాదించి పక్కపక్కన పెట్టండి. నాకైతే అన్నిటికంటే నమ్మకమైన కొలత ఇదే.

ఇంక క్యాంపస్ వాతావరణం. ఫెస్ట్ రోజు వద్దు, ఉత్త బుధవారం పోండి. 1954లో పెట్టిన ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ), 1983లో పెట్టిన పద్మావతి మహిళా యూనివర్సిటీ రెండూ ఊళ్ళోనే, ఒక్క పూటలో చూసేయొచ్చు. క్యాంటీన్లో టీ తాగండి, సాయంత్రం లైబ్రరీలో ఎవరున్నారో చూడండి, హాస్టల్ గేటు టైమింగ్స్ అడగండి. డే స్కాలర్స్ ఎక్కువున్న చోట బస్సులు పోయినాక క్యాంపస్ ఖాళీ అయిపోతుంది. ఏర్పేడు లాంటి చోట అంతా హాస్టలే, స్నేహాలు, తిండి, గొడవలు అన్నీ లోపలే, పైగా అన్ని రాష్ట్రాల పిల్లలు ఉంటారు కాబట్టి తెలుగులోనే మాట్లాడే అలవాటున్న పిల్లలకి మొదటి కొన్ని నెలలు ఒంటరిగా అనిపించొచ్చు, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

అడిగేది సెకండియర్ వాళ్ళని. ఫస్టియర్ వాళ్ళకి ఇంకా కొత్త, ఫైనలియర్ వాళ్ళకి ప్లేస్‌మెంట్ టెన్షన్. కాలేజ్ ఎట్లుంది అంటే బాగుంది అంటారు, అంతే. పోయిన వారం ఏ క్లాసులు జరగలేదు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, బ్యాక్‌లాగ్ వస్తే, అంటే సబ్జెక్టు తప్పితే, ఏ సార్‌తో చెప్పుకుంటారు, ఇట్లా అడగండి, నిజం బయటికొస్తుంది.

చిత్తూరు నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేద్దాం అనుకునేవాళ్ళు రానూ పోనూ పట్టే మూడు గంటలకు పైన టైమ్‌ని కూడా ముందు కూడిన వారం క్లాసు గంటల్లో కలుపుకోండి, అప్పుడు తేలిక అనుకున్న కోర్సు కూడా బరువైపోతుంది.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్స్‌లో పైన పెట్టిందే ముందు చూస్తారు కాబట్టి ఆ ఆర్డర్ నెట్ సెంటర్ అన్నకి వదిలేయకండి, క్యాంపస్ చూసొచ్చిన పిల్లలనే కూర్చోబెట్టి పెట్టించండి.