గియోన్ మత్సురికి వెళ్లాలంటే ముందు తేదీ తేల్చుకోండి

బెంగళూరు మారతహళ్లి మనవాళ్లలో చాలామంది జపాన్ అనగానే చెర్రీ పూలకే టికెట్లు కొట్టేస్తారు గానీ, గియోన్ మత్సురి పండగ చూడాలంటే జూలైలో క్యోటో వెళ్లాలి. యాసకా గుడి పండగ ఇది, 869లో మహమ్మారి వచ్చినప్పుడు శాంతి కోసం మొదలెట్టారు, ఇప్పుడు జూలై నెలంతా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

రథాల ఊరేగింపు రెండుసార్లు, 17న, 24న. 17న 23 రథాలు, దానికి ముందు 15, 16 సాయంత్రాలు షిజో వీధిలో ట్రాఫిక్ ఆపేసి, ఆ చుట్టుపక్కల తిండి కొట్లు పెడతారు, ఇసకేస్తే రాలనంత జనం. 24న 11 రథాలే, ముందు రాత్రుళ్లు కొట్లుండవు కాబట్టి తీరిగ్గా దగ్గరికెళ్లి చూడొచ్చు. అమ్మానాన్నల్ని తీస్కెళ్తే నా ఓటు 24కే.

ఏ రోజైనా నిలబడాల్సింది రథాలు మలుపు తిరిగే షిజో-కవరామాచి మూల దగ్గర. పెద్ద రథాలు 10 టన్నులు దాటతాయి, చక్రాలు పక్కకి తిరగవు, అందుకని చక్రాల కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి నీళ్లు పోసి, విసనకర్రలు పట్టుకున్నవాళ్లు కేకేయగానే అందరూ తాళ్లు పట్టి ఒక్కసారిగా పక్కకి లాగుతారు, రథం కిర్రుమని కొంచెం జారి ఆగుతుంది, మళ్లీ బద్దలు సర్ది మళ్లీ లాగుడు. మన రథోత్సవంలో చక్రం కింద చెక్క దూర్చి దారి మళ్లిస్తారే, అదే టెన్షన్. 17న పొద్దున 9కి, 24న 9:30కి బయల్దేరతాయి, ముందే వెళ్లి చోటు పట్టండి.

బెంగళూరు నుంచి టోక్యో నరిటా ఎయిర్‌పోర్టుకి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, టోక్యోలో షింకాన్సెన్ బుల్లెట్ రైలు ఎక్కితే రెండుంపావు గంటల్లో క్యోటో. రూముల రేట్లు మండిపోతాయి, ఒసాకాలో దిగి పొద్దున్నే హాంక్యూ రైలెక్కండి, క్యోటో-కవరామాచి స్టేషన్ ఆ మూలలోనే. ఎండ, ఉక్క మాత్రం మన బెంగళూరులా ఉండవు, చెన్నైకి ప్యాక్ చేస్కున్నట్టు కాటన్ బట్టలే పెట్టుకోండి, వానకి గొడుగు కాదు రెయిన్‌కోట్. శాకాహారులు పులిహోర పేస్ట్, కారప్పొడి మర్చిపోవద్దు, అక్కడ సూప్, నూడిల్స్ దాదాపు అన్నిట్లో చేప రసం పడుతుంది.

రథాల దగ్గర చిమాకి అమ్ముతారు, వెదురాకులతో చుట్టిన కట్ట, లోపల తినేదేం లేదు, ఏడాదంతా గుమ్మానికి కట్టుకునేది. పెళ్లి కుదరాలంటే హోషోయామా రథం దగ్గర, సుఖప్రసవానికి ఉరాదెయామా దగ్గర కొంటారు. ఈ రెండూ 17 నాటి రథాలే, 24కి వెళ్లేవాళ్లకి దొరకవు. సంబంధాలు చూస్తున్న ఇంట్లోవాళ్లుంటే డేట్ మీద ఇంకోసారి మాట్లాడుకోండి మరి.