ప్రాథమిక హక్కుల అధికరణను ఎలా చదవాలి

హక్కుల కోసమే అయితే రాజ్యాంగాన్ని మొదటి పేజీ నుంచి చదవనక్కర్లేదు. నేరుగా మూడో భాగం తెరవండి: 12 నుంచి 35 వరకు అధికరణలు. కేంద్ర న్యాయశాఖ లెజిస్లేటివ్ విభాగం వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉచితం. ఏ తేదీ వరకు సవరణలు కలిపారో ముందు చూసుకోండి. 19(1)లో ‘ఇ’ తర్వాత ‘ఎఫ్’ లేకుండా ‘జి’ వస్తుంది. అది అచ్చుతప్పు కాదు. అక్కడున్న ఆస్తి హక్కును 1978 నాటి 44వ సవరణ తీసేసింది. ఇప్పుడది 300ఏలో, మామూలు రాజ్యాంగ హక్కుగా ఉంది.

ఏ అధికరణ చదివినా ముందు పట్టుకోవాల్సింది హక్కు ఎవరికన్నది. 14, 21 ‘వ్యక్తి’ అంటాయి కాబట్టి ఇక్కడున్న విదేశీయుడికీ వర్తిస్తాయి. 16, 19 పౌరులకే. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారికి ఓసీఐ (విదేశాల్లోని భారతీయ మూలాలవారికి ఇచ్చే) కార్డున్నా ప్రభుత్వోద్యోగాల్లో సమానావకాశం అడిగే హక్కు లేదు.

తర్వాత, ఎవరి మీద? సాధారణంగా 12వ అధికరణ చెప్పే ‘రాజ్యం’ మీద: ప్రభుత్వాలు, చట్టసభలు, పంచాయతీ, మున్సిపాలిటీ వగైరా. అంటరానితనాన్ని నిషేధించే 17, వెట్టిని నిషేధించే 23 మాత్రం పక్కింటివాడికీ వర్తిస్తాయి.

ఎక్కువమంది పొరబడేది కింది క్లాజుల దగ్గరే. 19(1)(ఎ) భావప్రకటన స్వేచ్ఛ ఇస్తుంది, 19(2) దానికి హద్దులు గీస్తుంది. ఆంక్షకు చట్టం ఉండాలి, అది సహేతుకం కావాలి, దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం లాంటి ఎనిమిది కారణాల్లో ఒకదానికి చెందాలి. ‘ప్రజాప్రయోజనం’ ఆ ఎనిమిదిలో లేదు. వ్యాపార స్వేచ్ఛకు సంబంధించిన 19(6)లో ఉంది. ఒకదాని హద్దు తెచ్చి ఇంకోదానికి తగిలించకూడదు.

22 కూడా అంతే. అరెస్టైన మనిషికి కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్రయాణ సమయాన్ని ఆ 24 గంటల్లో లెక్కించరు. కానీ 22(3) చదవకపోతే పీడీ యాక్టు (నేరం చేయొచ్చన్న అనుమానంతో ముందే నిర్బంధించే చట్టం) కేసులో దెబ్బతింటారు: ముందస్తు నిర్బంధానికి ఈ 24 గంటల నియమం లేదు. అక్కడ అడగాల్సింది నిర్బంధ కారణాల కాపీ, ఎదురు చెప్పుకునే అవకాశం. మూడు నెలలు దాటి ఉంచాలంటే సలహా మండలి సరేననాలి.

హక్కు పోయిందనుకుంటే 32 కింద సుప్రీంకోర్టుకు పోవచ్చు, కానీ ముందు 226 కింద హైకోర్టే మేలు. ప్రాథమికం కాని చట్టబద్ధ హక్కులకూ అక్కడ రిట్ (కోర్టు ఆదేశం కోరే పిటిషన్) వేయవచ్చు. నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే హెబియస్ కార్పస్ రిట్‌ను నిర్బంధంలో ఉన్నవారి తరఫున బంధువో స్నేహితుడో వేయవచ్చు. పట్టుకెళ్లిన తేదీ, సమయం, చోటు అప్పటికప్పుడే రాసిపెట్టుకోండి.