సబ్బు బుడగతో వైరస్ బయటపడే తీరును పిల్లలకు చూపించడం ఎలా?

స్కూల్లో చదివిన హైడ్రా బొమ్మ గుర్తుందా? ఒంటి పక్కన మొగ్గ వచ్చి, పెరిగి, తెగి వేరుపడుతుంది. కోరకీభవనం అని బట్టీ పట్టేవాళ్లం. ఫ్లూ, హెచ్‌ఐవీ వైరస్‌లు మన కణంలోంచి బయటికొచ్చే తీరు చూడటానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అవి కణాన్ని పగలగొట్టుకుని రావు. కణం పొరనే ఒంటికి చుట్టుకుని, మొగ్గలా ఉబ్బి, తెగి వెళ్లిపోతాయి. ఈ ఒక్క సంగతి కళ్లారా చూస్తే, చేతులు సబ్బుతోనే ఎందుకు కడగమంటారో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

కావలసినవి: గ్లాసుడు నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చెంచాలు, చెంచాడు పంచదార, ఒక పాత ప్లాస్టిక్ గాజు, ఒక స్టీలు పళ్లెం. నురగ రాకుండా మెల్లగా కలిపి కాసేపు పక్కన పెట్టండి.

1. పొరను పరిచయం చేయండి

గాజును ముంచి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పొర మీద రంగులు జారుతూ కనిపిస్తాయి. ఇదే కణం పొర అనుకోండి. అసలు పొర మందం 5 నానోమీటర్లకు అటూ ఇటూ, అంటే వెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదు. ఇప్పుడు పొడి వేలితో ముట్టుకోమనండి, టప్పున పగులుతుంది. వేలిని అదే సబ్బు నీళ్లలో తడిపి గుచ్చమనండి. వేలు దూరిపోతుంది, తీశాక పొర మళ్లీ అతుక్కుంటుంది. కణం పొర గోడలాంటిది కాదని, ఇలా కదిలే పలుచటి పొర అని పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది.

2. మెల్లగా ఊదండి

పొర ఉబ్బి సంచిలా సాగుతుంది. ఇక్కడ మన ఊపిరి చేసే పనిని హెచ్‌ఐవీలో గ్యాగ్ అనే ప్రోటీన్ చేస్తుంది. ఒక్కో వైరస్ కోసం దాదాపు 2,000 పైచిలుకు గ్యాగ్‌లు పొర అడుగున చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రంగా వంగుతాయి. వాటితోపాటు పొర కూడా వంగుతుంది.

3. మెడ దగ్గర ఆగండి

తొందరపడొద్దు, అసలు విషయం ఇక్కడే ఉంది. ఊదడం ఆపేస్తే బుడగ గాజుకే వేలాడుతుంది, తనంతట తాను తెగదు. హెచ్‌ఐవీకీ ఇదే ఇబ్బంది. మెడను కోసే కత్తెర దాని దగ్గర లేదు, మన కణం దగ్గర ఉంది. ఒక కణం రెండుగా విడిపోయేటప్పుడు చివరి బంధాన్ని తెంచే ఎస్కార్ట్ ప్రోటీన్లే ఆ కత్తెర. గ్యాగ్ తోకలో ఉన్న చిన్న గుర్తు వాటిని పిలుస్తుంది. ఆ పిలుపు అందుకునే మన ప్రోటీన్ ఏదో శాస్త్రవేత్తలు 2001లో పట్టుకున్నారు. ఫ్లూ వైరస్ మాత్రం ఈ సాయం అడగదు, ఎం2 అనే సొంత ప్రోటీన్‌తో మెడ తెంచుకుంటుంది.

ఇప్పుడు మణికట్టును చటుక్కున పక్కకు తిప్పండి. మెడ సన్నబడి మూసుకుని, బుడగ విడిపోతుంది. వెంటనే గాజు వైపు చూపించండి. చాలాసార్లు పొర చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే ఒకే కణంలోంచి, అది చచ్చేలోపు, వైరస్‌లు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. పొర పగిలితే టెన్షన్ పడొద్దు, మళ్లీ ముంచి ఊదండి.

4. తడి పళ్లెం మీద దించండి

పళ్లేన్ని సబ్బు నీళ్లతో తడిపి బుడగను దాని మీద పడనివ్వండి. అక్కడే అతుక్కుని కూర్చుంటుంది. ఫ్లూ వైరస్‌కూ ఈ చిక్కు ఉంది. కణం పైన సయాలిక్ ఆమ్లం అనే చక్కెర ఉంటుంది. లోపలికి రావడానికి వైరస్ పట్టుకునేది దాన్నే, బయటికి పోయేటప్పుడు చిక్కుకునేదీ దానికే. న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్‌తో ఆ చక్కెరను కత్తిరించుకుని పోతుంది. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ (టామీఫ్లూ) మాత్ర ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో బయటపడ్డప్పటి నుంచి ఈ మాత్ర పేరు మనవాళ్లకు పరిచయమే. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు డాక్టర్ సలహాతో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కొత్త వైరస్‌లు పక్క కణాలకు పోకముందే ఆపాలి కదా.

5. చేతులు కడిగించండి

ఆట అయ్యాక పిల్లల వేళ్లకు కాస్త నూనె రాసి, ముందు ఉత్త నీళ్లతో, తర్వాత సబ్బుతో కడగమనండి. బయటికొచ్చేటప్పుడు వైరస్ కప్పుకున్నది మన కణం కొవ్వు పొరే కాబట్టి, నూనెను విడగొట్టే సబ్బు దాన్నీ విడగొడుతుంది. పెద్ద పిల్లలైతే ఒక తేడా కూడా చెప్పండి. సబ్బు పొరలో నీళ్లు మధ్యన ఉంటాయి, కణం పొరలో కొవ్వు మధ్యన, నీళ్లు రెండు పక్కలా ఉంటాయి.

వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు ఈ కొవ్వు పొర ఉండదు, అందుకే దాని మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. అక్కడ సబ్బు వైరస్‌ను చంపకపోయినా చేతి మీద నుంచి వదిలిస్తుంది. కాబట్టి చెంబులో చేతులు ముంచి తీయకుండా, కుళాయి ధార కింద 20 సెకన్లు రుద్ది కడిగించండి.