తాగుడు మానాక అమైనో ఆమ్లాల డబ్బా: ఎప్పుడు తెరవాలి, ఎవరు తెరవకూడదు

గ్లుటమిన్, బీసీఏఏ, ఎన్‌ఏసీ, టైరోసిన్. ఈ పేర్లతో అమైనో ఆమ్లాల (ప్రొటీన్ తయారయ్యే ముక్కల) డబ్బాలు మెడికల్ షాపులోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. మందు మీద యావ తగ్గిస్తాయని, లివర్‌ను బాగుచేస్తాయని ప్రచారం. వీటిలో కొన్నింటికి పని ఉంది, కొన్నింటికి లేదు, ఒకటి రెండు మాత్రం లివర్ చెడిన మనిషికి కీడు చేస్తాయి. ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పేది డబ్బా మీద రాత కాదు, ఆ మనిషి లివర్ పరిస్థితి. వరుస కూడా ముఖ్యమే. ముందు మానడం క్షేమంగా జరగాలి, వెంటనే బీ1 విటమిన్ అందాలి, తర్వాత తిండి కుదురుకోవాలి. డబ్బా వంతు ఆఖరున.

మొదటి అయిదు రోజులు

రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య లేనివి కనబడుతున్నా, ఎక్కడున్నదీ తెలియకపోయినా, ఒళ్లు కాలుతున్నా అది డెలీరియం. ప్రాణాలు పోగలవు. ఏ అమైనో ఆమ్లమూ దీన్ని ఆపలేదు. ఆపగలిగేది డాక్టరు ఇచ్చే క్లోర్‌డయాజెపాక్సైడ్, లివర్ బాగా చెడి ఉంటే లోరాజెపామ్. అవి కూడా రోజురోజుకీ డోసు తగ్గిస్తూ పోవాలి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, పొద్దున లేవగానే మందు పడందే చెయ్యి నిలవనివాళ్లు ఇంట్లో ఈ ప్రయోగం చేయకూడదు. ఫిట్స్ వస్తే 108. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416.

తెలంగాణలో కల్లు సంగతి వేరుగా చెప్పుకోవాలి. దుకాణాల కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. అలాంటి కల్లు మానినప్పుడు సారా మత్తుతో పాటు నిద్రమాత్రల అలవాటూ తెగుతుంది. ఫిట్స్ భయం ఎక్కువ, కోలుకోవడానికి పట్టే రోజులూ ఎక్కువ. 2020 మార్చి లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తడం గుర్తుండే ఉంటుంది. డాక్టరుతో ‘తాగుతాడండీ’ అని ఊరుకోవద్దు. కల్లా, విస్కీనా, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరుసారి ఎన్ని గంటలకు తాగాడు, ఇవన్నీ చెప్పాలి.

గ్లూకోజ్ బాటిల్ కంటే ముందు బీ1

నీరసంగా పడి ఉన్న మనిషికి ‘ఒక సెలైన్ ఎక్కించండి’ అని ఆర్‌ఎంపీని పిలవడం మన ఊళ్లలో మామూలే. సరిగా తినకుండా నెలల తరబడి తాగిన ఒంట్లో బీ1, అంటే థయామిన్, దాదాపు ఖాళీ అయి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఒంటికి ఆ విటమినే కావాలి. ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. దాన్ని వెర్నికీ జబ్బంటారు. అయోమయం, కళ్లు సరిగా తిరగకపోవడం లేదా ఒకటి రెండుగా కనబడటం, తూలుడు దాని గుర్తులు. మూడూ ఒకేసారి ఉండాలని లేదు. తాగి తూలుతున్నాడనుకుని వదిలేస్తే జ్ఞాపకశక్తి మళ్లీ రాకుండా పోవచ్చు. తాగేవాళ్ల పేగు ఈ విటమిన్‌ను సరిగా పీల్చుకోదు కాబట్టి మొదట్లో ఇంజెక్షనే మేలు. తర్వాత మాత్రలు, 100 మిల్లీగ్రాములవి రోజుకు రెండు మూడుసార్లు, డాక్టరు చెప్పినన్నాళ్లు.

వారం పది రోజులుగా తిండే లేని మనిషికి ఒక్కరోజులో కడుపునిండా పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. సగం భోజనంతో మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పెంచుకుంటూ, మధ్యమధ్య రక్తపరీక్ష చేయిస్తూ పోవాలి.

పథ్యం పేరుతో జరిగే తప్పు

అసలు అమైనో ఆమ్లాల కథ ఇక్కడే ఉంది. కళ్లు పచ్చబడగానే పప్పు, గుడ్డు, మాంసం, నూనె మాన్పించి చారన్నం, మజ్జిగన్నంతో నెలలు నడిపించే ఇళ్లు చాలా ఉన్నాయి. పైన ఒక పసరు మందు. లివర్ చెడిన మనిషికి అప్పటికే కండ కరిగిపోతుంటుంది. రాత్రి నిల్వ ఉంచుకోవాల్సిన చక్కెరను ఆ లివర్ ఉంచుకోలేదు. తెల్లారేలోపు ఒళ్లు తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. పైగా ప్రొటీన్ విరిగినప్పుడు పుట్టి మెదడును మత్తెక్కించే అమ్మోనియాను వదిలించడంలో లివర్‌కు సాయపడేది ఆ కండే. ప్రొటీన్ తగ్గించడమంటే ఆ సాయాన్నీ తీసేయడమే.

సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్లకు కూడా ఇవ్వాల్సిన కొలత కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉంటే ఆ నీటి బరువు తీసేసి లెక్కకట్టాలి.

మన వంటింట్లో ఆ లెక్క ఇలా తెమలుతుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, ఒక గుడ్డు కలిపి 20 గ్రాములు. పదకొండింటికి గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగ గుళ్లు, 7. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పు, చిన్న గిన్నెడు పెరుగు, 21. సాయంత్రం 30 గ్రాముల శనగలు ఉడికించి, 6. రాత్రి కాస్త అన్నంలోకి 75 గ్రాముల చేప లేదా కోడి, 20. శాకాహారులకైతే వాటి బదులు 30 గ్రాముల మీల్‌మేకర్ అదే పని చేస్తుంది. ఇక నిద్రకు ముందు పావులీటరు పాలలో రాగిజావ, 10. మొత్తం 84. ఎందులోనైనా కోత పడినా పరవాలేదు గానీ ఆ ఆఖరు గ్లాసు మాత్రం మానకూడదు. రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య 12 గంటలు ఖాళీ ఉంచితే పగలు తిన్నదంతా వృథా అయినట్టే. షుగర్ ఉన్నవాళ్లు జావలో బెల్లం వేసుకోకూడదు. పొట్టలో నీరుంటే ఆవకాయ, అప్పడాలు పక్కన పెట్టాలి.

కొనేముందు చేయించాల్సిన పరీక్షలు

ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), పొట్ట స్కానింగ్. లివర్ తయారుచేసే ఆల్బుమిన్ తక్కువ, ఐఎన్‌ఆర్ ఎక్కువ, ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు ఉంటే సిర్రోసిస్ ఉందేమోనని అనుమానించాలి. ఎంజైములు మామూలుగానే వచ్చాయని సంబరపడకూడదు. లివర్ బాగా గట్టిపడ్డాక అవి పెద్దగా పెరగకపోవచ్చు.

ఇప్పుడు డబ్బాల సంగతి

బీసీఏఏ అంటే లూసిన్, ఐసోలూసిన్, వాలిన్. సిర్రోసిస్ ఉండి, పైన చెప్పిన ప్రొటీన్ తినలేకపోతున్నవాళ్లకు, అమ్మోనియాతో మగత కమ్మేవాళ్లకు దీనివల్ల మేలుందని తేలింది. కిలోకు 0.25 గ్రాములు, 60 కిలోలకు 15 గ్రాములు. మూడు భాగాలు చేసి, ఆఖరుది పడుకునే ముందు. చేదుగా ఉంటుంది, చల్లటి నిమ్మరసంలో కలిపితే గొంతు దిగుతుంది. 2:1:1 పాళ్లలో (లూసిన్ రెండు వంతులు, మిగతావి ఒక్కో వంతు) ఉన్నది కొనండి. జిమ్ కుర్రాళ్ల కోసం చేసిన వాటిలో కెఫీన్ కలిసి ఉంటుంది. అసలే నిద్ర లేని మనిషికి అది పనికిరాదు. సిర్రోసిస్ లేనివాళ్లకు మాత్రం ఈ ఖర్చు దండగ. 84 గ్రాముల ప్రొటీన్ తింటే అందులోనే 12 గ్రాములకు పైగా ఇవి ఉంటాయి.

ఆర్నిథిన్ ఆస్పార్టేట్ అమ్మోనియా తగ్గించడానికి డాక్టర్లు సాచెట్ల రూపంలో రాస్తారు. క్రియాటినిన్ 3 దాటినవాళ్లకు ఇవ్వరు. పొరుగాయనకు రాసిన చీటీతో తెచ్చుకోవద్దు.

గ్లుటమిన్‌కు పేరొచ్చింది 1950లలో. టెక్సస్ విశ్వవిద్యాలయంలో రోజర్ విలియమ్స్ బృందం ఎలుకలకు ఇస్తే అవి సారాయి తక్కువ తాగాయి. తర్వాత కొద్దిమంది మనుషుల మీదా చూశారు. డెబ్బై ఏళ్లు గడిచినా ఆ మాటను నిలబెట్టే పెద్ద పరీక్ష రాలేదు. లివర్ బాగున్నవాళ్లు డాక్టరు సరేనంటే 5 గ్రాములు నీళ్లలో, భోజనాల మధ్య, రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు చూడొచ్చు. నాలుక పీకడం తగ్గకపోతే ఆపేయడమే. సిర్రోసిస్ ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. పేగులో గ్లుటమిన్ విరిగితే అమ్మోనియా పుడుతుంది. మెదడు మీద అమ్మోనియా ప్రభావం ఎంతుందో తెలుసుకోవడానికి డాక్టర్లు గ్లుటమిన్‌నే తాగించి పరీక్షించిన సందర్భాలున్నాయి. మిథియోనిన్ కలిసిన ‘లివర్ టానిక్’లకూ ఇదే జాగ్రత్త.

ఎన్‌ఏసీ ఒంట్లో విషాలను విరిచే గ్లుటాథయోన్ తయారీకి ముడిసరుకు. పారాసెటమాల్ విషానికి విరుగుడు ఇదే. తీవ్రమైన ఆల్కహాల్ హెపటైటిస్‌లో స్టిరాయిడ్‌తో పాటు నరం ద్వారా ఇస్తే మొదటి నెలలో మరణాలు తగ్గాయని 2011లో ఫ్రాన్స్‌లో చేసిన పరీక్ష చెప్పింది. ఆరు నెలల లెక్కలో ఆ తేడా నిలవలేదు. అది ఆసుపత్రి పని. ఇంట్లో 600 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుని లివర్ బాగైపోయిందనుకోవద్దు. డాక్టరు రాస్తే గ్లాసుడు నీళ్లలో పొంగిపోయాక, భోజనం తర్వాత తాగాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మాత్ర పాడైందని కాదు, దానిలోని గంధకం వాసన అది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లకు బీపీ పడిపోవచ్చు. తలనొప్పికి వేసుకునే డోలో 650 (పారాసెటమాల్) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గట్టిగా తాగిన చరిత్ర ఉన్నవాళ్లు రోజుకు మూడు దాటకూడదు.

టైరోసిన్, ఫెనైల్‌అలనిన్ హుషారు తెస్తాయంటారు. తాగుడు మానడానికి ఉపయోగపడతాయన్న గట్టి ఆధారం లేదు. బీపీ ఉన్నవాళ్లు, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, లినెజోలిడ్ అనే యాంటీబయోటిక్ మీద ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. ట్రిప్టోఫాన్, 5-హెచ్‌టీపీ ఇంకా చిక్కు. మానాక దిగులుకు చాలామందికి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ రాస్తారు. ట్రిప్టోఫాన్, 5-హెచ్‌టీపీ ఆ మాత్రలతో కలిస్తే ఒళ్లు వేడెక్కి, వణికి, కండరాలు బిగుసుకుపోవచ్చు. మందు మానినందుకే వణుకుతున్నాడని ఇంట్లో పొరబడతారు. 1989లో కల్తీ పడిన ట్రిప్టోఫాన్ వల్ల అమెరికాలో 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు. ముప్ఫై మందికి పైగా చనిపోయారు.

యావ తగ్గించడంలో నిజంగా నిరూపించుకున్న వాటిలో ఒకటి అకాంప్రోసేట్. టారిన్‌కు దగ్గరి చుట్టమైన హోమోటారిన్ నుంచి తయారైన మందు ఇది. 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, మూడు పూటలా. పని లివర్ మీద పడదు, కిడ్నీ నుంచి బయటికి పోతుంది. కాబట్టి కిడ్నీ బలహీనంగా ఉంటే డోసు తగ్గిస్తారు, మరీ చెడి ఉంటే అసలు ఇవ్వరు. మొదట్లో విరేచనాలు పట్టుకుంటాయి, ఎక్కువమందికి సర్దుకుంటాయి. మధ్యలో ఒకరోజు తాగినా మాత్ర మానకూడదు. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్‌తో దీన్ని కలగాపులగం చేయొద్దు. దాన్ని మనిషికి తెలియకుండా కూరలో కలిపిపెట్టడం, ‘తాగుడు మాన్పించే పొడి’ పేరుతో అమ్మేవి కలపడం కొన్ని ఇళ్లలో జరుగుతుంది. ఆ మనిషి బయట తాగి వస్తే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు.

మొదలుపెట్టాక

ఒక్కసారి ఒక్కటే. రెండు డబ్బాలు కలిపి మొదలుపెడితే దద్దుర్లు దేనివల్ల వచ్చాయో తేలదు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, ప్రతి పదార్థం ఎన్ని గ్రాములో విడిగా ఉండాలి. ‘ప్రత్యేక మిశ్రమం’ అని ఒకే అంకె వేసినది వద్దు. గ్రీన్ టీ సారం, అశ్వగంధ, తిప్పతీగ కలిసినవీ వద్దు. ఈ మూడింటి వల్లా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి.

సిర్రోసిస్ ఉన్న మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా, సంతకం వంకరపోతున్నా, చేతులు ముందుకు చాచి మణికట్టు పైకెత్తి పట్టుకోమంటే రెక్కల్లా కొట్టుకుంటున్నా డబ్బా ఆపి అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముందు రెండు మూడు రోజులు విరేచనం కాలేదేమో అడగండి, చాలాసార్లు మూలం అదే అవుతుంది. ప్రొటీన్ మాత్రం మాన్పించొద్దు.

ఆరు వారాలకు ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేయించాలి. చుక్క ముట్టకుండా ఉంటే అందులోని జీజీటీ అనే ఎంజైము మొదటిసారి కంటే బాగా తగ్గి ఉండాలి. తగ్గకపోతే చాటుగా తాగడమైనా జరుగుతోంది, వాడేవాటిలో ఏదైనా లివర్‌ను కొడుతోంది, లేదా కొవ్వు, హెపటైటిస్ లాంటి వేరే కారణముంది. ఇంట్లో ఉన్న డబ్బాలు, పొడులు, టానిక్ సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టండి.