హబ్బు కొనే ముందు ఇవి చూసుకోండి

హబ్బంటే సైకిలు చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే, స్పోకులు తగిలించే భాగం. దాన్ని మార్చడమంటే స్పోకులన్నీ విప్పి మళ్లీ కట్టడమే. కూలీ రెండుసార్లు ఇచ్చుకోకూడదంటే కొట్టుకి వెళ్లేముందే కాస్త కొలతలు తీసుకోండి.

– రిమ్ము రంధ్రాలు లెక్కపెట్టండి. గేర్ల సైకిళ్లకు ఎక్కువగా 32 లేదా 36, పాత నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40. హబ్బుకీ అన్నే ఉండాలి.

– ఇరుసు కూర్చునే చోట ఫ్రేము లోపలి వెడల్పు కొలవండి. మౌంటెన్ బైకులకు మామూలుగా ముందు 100, వెనక 135 మిల్లీమీటర్లు.

– వెనక చక్రానికి ఫ్రీవీల్ హబ్బా (తొక్కకపోయినా చక్రం తిరగనిచ్చే భాగం పళ్లచక్రాలతో కలిసి, హబ్బుకి మరలా బిగించేది), క్యాసెట్ హబ్బా (ఆ భాగం హబ్బులోనే ఉండి, పళ్లచక్రాలు మాత్రం పైన తొడిగేది)? నా గొడవంతా ఇక్కడే. ఏడు గేర్ల ఫ్రీవీల్ హబ్బు చవకే. కానీ కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండి, ఇరుసు కొనకి ఆధారం ఉండదు. వెనక బియ్యం బస్తా వేసుకుని గుంతలో దిగితే అక్కడే వంగుతుంది. నాది రెండుసార్లు వంగింది. ఫ్రీవీలే ఉంచుకోవాలన్న పట్టుదల లేకపోతే, కాస్త ఎక్కువైనా క్యాసెట్ హబ్బే తీసుకోండి.

– ఇరుసును వేళ్లతో మెల్లగా తిప్పండి. బిగువుగా ఉంటే కోన్లు (ఇరుసు మీద బేరింగును బిగించే నట్లు) సర్దుకోవచ్చు. ఒకేచోట తట్టుతుంటే వద్దనండి.

– చవక హబ్బుల్లో గ్రీజు పేరుకే ఉంటుంది. చక్రం కట్టకముందే విప్పి నింపించండి.

– హబ్బు అంచు (స్పోకులు తగిలించే రంధ్రాలున్న పళ్లెం) సైజు మారితే పాత స్పోకులు సరిపోవు.