పాత ఇంగ్లీషు మాటలు – 6వ పాఠం: స్పిన్‌స్టర్

వెబ్‌స్టర్ (నేత నేసేవారు), బ్రూస్టర్ (బీరు కాచేవారు), బాక్స్‌టర్ (రొట్టెలు కాల్చేవారు) అనే ఇంగ్లీషు ఇంటిపేర్ల చివరనున్న ‘స్టర్’ తొలినాళ్లలో ఆ పని చేసే స్త్రీని సూచించేదని గత పాఠంలో చెప్పుకున్నాం. అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలామంది సిస్టర్‌ను, మినిస్టర్‌ను, ఆఖరికి డస్టర్‌ను కూడా ఆ వరుసలోనే చేర్చారు. ఈ చిక్కు విప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

‘స్టర్’ తీసేశాక మిగిలినది అర్థమున్న మాటగా నిలబడాలి. స్పిన్ అంటే నూలు వడకడం, బ్రూ అంటే బీరు కాచడం, ఇవి నిలబడతాయి. సిస్టర్‌లో ‘సి’ నిలబడదు. మినిస్టర్‌లో ‘మిని’ నిలబడినట్టు కనిపిస్తుంది కానీ ఆ మాట లాటిన్ నుంచి మొత్తంగా వచ్చింది. ‘మిని’ 20వ శతాబ్దపు పొట్టి మాట. డస్టర్, పోస్టర్‌లలో చివరి ‘స్ట్’ డస్ట్, పోస్ట్‌లదే, చేరింది ‘ఎర్’ మాత్రమే. మన ఉద్యోగులు రోజూ పలికే రోస్టర్ డచ్చి మాట. మాంసం కాల్చే ఇనుప చట్రం పేరు, దాని కమ్మీల్లా గీతలు గీసిన జాబితాకు వచ్చింది. గ్యాంగ్‌స్టర్‌లో ఉన్నది మన ప్రత్యయమే అయినా, అది స్త్రీవాచకత్వం కోల్పోయాక పుట్టిన మాట. ఆ లోపం పూడ్చడానికే సీమ్‌స్ట్రెస్‌లో (కుట్టుపని చేసే స్త్రీ) ‘ఎస్’ (-ess) అనే స్త్రీవాచక ప్రత్యయం అదనంగా తగిలించారు.

ఇక స్పిన్‌స్టర్. 14వ శతాబ్దంలో నూలు వడికే మనిషి, ముఖ్యంగా స్త్రీ. దస్తావేజుల్లో పేరు పక్కన వృత్తి రాయడం ఆనవాయితీ కావడం, పెళ్లికాని స్త్రీలలో చాలామందికి వడకడమే జీవనాధారం కావడం వల్ల, 17వ శతాబ్దానికి వృత్తి పేరు కాస్తా అవివాహిత అనే చట్టపరమైన హోదాగా మారింది. అయితే ఎలిజబెత్ కాలపు కోర్టు పత్రాల్లో భర్త ఉన్న స్త్రీని కూడా స్పిన్‌స్టర్ అని రాసిన సందర్భాలున్నాయి. అందుకే నేను పత్రం తేదీ చూడకుండా ఈ మాటకు అర్థం చెప్పను. వయసు మీరిన అవివాహితను చులకన చేసే ధ్వని తరువాత చేరింది.

మన దేశంలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం అనుబంధంలోని నమూనా నోటీసులో వధువు పేరు మార్తా గ్రీన్, హోదా స్పిన్‌స్టర్. అక్కడ చులకన ఏమాత్రం లేదు. ఇంగ్లండ్, వేల్స్ వివాహ రిజిస్టర్లలో 2005లో దీని స్థానంలో ‘సింగిల్’ వచ్చింది.

అభ్యాసం: ట్యాప్‌స్టర్, మాన్‌స్టర్, టోస్టర్, ట్రిక్‌స్టర్‌లను పై పరీక్షకు పెట్టి కారణాలతో రాయండి. తరువాత 1400, 1600, 1872 నాటి ముగ్గురు గుమాస్తాలు ఒకే స్త్రీ పేరు పక్కన స్పిన్‌స్టర్ అని రాశారనుకుని, ఒక్కొక్కరు ఏమి ఉద్దేశించి ఉంటారో మూడేసి వాక్యాల్లో వివరించండి.