జీ తీగ శ్రుతి తప్పడం ఎలా ఆగిందంటే: నా అనుభవం

పెద్దగా పేరు లేని బ్రాండ్ గిటార్ నాది, నాకు మాత్రం ప్రాణం. బెండ్ చేసిన (తీగని వేలితో పక్కకి లాగి స్వరం పెంచిన) ప్రతిసారీ జీ తీగ (సన్నవైపు నుంచి మూడోది) శ్రుతి దిగిపోయేది. మళ్లీ బిగిస్తుంటే నట్ (మెడ చివర తీగలు గాళ్లలో కూర్చునే సన్నని పట్టీ) దగ్గర టిక్కుమనేది.

కొత్త తీగలు, లాకింగ్ ట్యూనర్లు (తీగని బిగించి పట్టే బిరడాలు), నట్‌కి నూనె... ఏదీ పనిచేయలేదు.

చివరికి తీగ తీసి నట్‌లో దాని గాడి చూశాను. 0.017 అంగుళాల తీగకి అది మరీ ఇరుకు; బెండ్ తర్వాత తీగ అందులో ఇరుక్కుని వెనక్కి జారడం లేదు. 0.020 అంగుళాల నట్ ఫైల్‌ని (గాడి అరగదీసే సన్నని ఆకురాయిని) హెడ్‌స్టాక్ (బిరడాలుండే తల) వైపు కాస్త వాల్చి, పక్క గోడలకే తగిలేలా మెల్లగా అరగదీశాను. అడుగు అరిగిందా, తీగ మొదటి ఫ్రెట్‌కి (మెడ మీది లోహపు కడ్డీకి) తగిలి జరజరమంటుంది. అందుకే రెండు రాపిళ్లకోసారి తీగ వేసి చూశాను. తర్వాత పొడి ఊదేసి, గాడిలో పెన్సిల్ ముక్కు రుద్ది, తీగ బిగించాను. ఇప్పుడు ఎన్ని బెండ్లు చేసినా శ్రుతి నిలుస్తోంది.

నాది ప్లాస్టిక్ నట్, కదలని బ్రిడ్జి (తీగల రెండో కొసని పట్టే భాగం). ట్రెమలో (మీటతో కదిలే బ్రిడ్జి) ఉంటే దోషం అక్కడే ఉండొచ్చు. ముందు ఆ టిక్కు వినిపిస్తోందేమో చూడండి.